తలుపు వెనక గొంతు

అమీర్‌పేట,
శనివారం.

చిరంజీవి సంహితకు,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ తమ్ముడు రఘూ బాగానే ఉన్నాం. ఈ మాట రాసేముందు కాసేపు కలం ఆపాను. నా కింది పెదవి చిట్లి ఇంకా పూర్తిగా మానలేదు. జీవమణి అనే అమ్మాయి ఎడమచేతికి పిండికట్టు ఉంది. ఆ రెండూ మినహాయిస్తే క్షేమమే. పుణెలో నువ్వు వేళకి తిని, వేళకి పడుకుని కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను. నమ్మడానికి ఆధారం మాత్రం నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ ఉత్తరం మీద తేదీ కూడా లేదు. తేదీ లేని కాగితాన్ని ఆడిట్ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ తిప్పి పంపేదాన్ని. మనవరాలివి కాబట్టి చదివాను.

ఫోన్లో చెప్పకూడదా అంటావు. రఘు ఇంట్లో ఉండగా నేను రెండు మాటలకి మించి ఫోన్లో మాట్లాడలేనని నీకు తెలుసు. లాక్కుని చెవికి ఆనించుకుంటాడు. ఎవరి కోసమో వింటాడు. ఆ ఎవరో దొరక్కపోతే నేలకేసి కొడతాడు. వాడు ఇంట్లో లేని వేళల్లో నువ్వు లాబొరేటరీలో ఉంటావు. అయినా ఇప్పుడు రాయబోయేవి ఫోన్లో చెప్పదగ్గ సంగతులు కావు.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. మూడోదే నిన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వడం లేదని రాశావు కాబట్టి దానికే ముందు జవాబు చెప్పాలి. కానీ మొదటి రెండూ చదవకపోతే అది నీకు సరిగ్గా అర్థం కాదు. ఓపిక పట్టు.

మొదటిది నా మోకాళ్ల గురించి. ఎడమది నెప్పి, కుడిది మరీ నెప్పి. లిఫ్టు ఉంది కాబట్టి గడుస్తోంది. కింద సందులో కోచింగ్ సెంటర్ల పిల్లలు మోటారుసైకిళ్లు అడ్డదిడ్డంగా పెట్టేస్తారు, వాటి మధ్యలోంచి రఘుని ఆటో దాకా నడిపించడమే కష్టం. మెట్రో మానేశాం. ఇక్కణ్ణుంచి పంజాగుట్టకి ఒక్క స్టేషనే కదా అంటావు. బండి వస్తోందని ప్లాట్‌ఫారం మీద ఒక ఆడమనిషి గొంతు చెబుతుంది చూడు, వాడు ఆమెను వెతకడం మొదలుపెట్టాడు. స్తంభాల వెనక చూశాడు. ఒకరోజు లిఫ్టు తలుపుకి చెవి ఆనించి కదలకుండా నిలబడిపోయాడు. వెనక జనం ఆగిపోయారు. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి, "ఏం పోగొట్టుకున్నడమ్మా?" అని అడిగాడు. అప్పటినుంచీ ఆటోలోనే వెళుతున్నాం.

రెండోది వాడి సెంటర్ గురించి. "వాణ్ణి చూసుకునేవాళ్లకి ఏదో శిక్షణ ఇస్తున్నారన్నావు, దేనికి, ఇరవయ్యారేళ్ల మనిషిని కట్టేసి కూర్చోబెట్టడానికా?" అని కోపంగా రాశావు. నీ కోపం న్యాయమైనదే. అలాంటి చోట్లు ఉన్నాయి. ఇది అది కాదు.

పంజాగుట్టలో ఫ్లైఓవరు పక్క సందులో, రెండో అంతస్తులో ఉంటుంది. రఘులాగా బుద్ధి ఎదగక, మాటలు చాలక, చెప్పలేనిది చేతులతోనో పళ్లతోనో చెప్పే పెద్దవాళ్లని పగలంతా అక్కడ చూసుకుంటారు. నడిపే ఆవిడ రుద్రమ్మగారు. పనిచేసేవాళ్లకి శిక్షణ ఇవ్వడానికి సత్యరాజుగారనే ఆయన్ని పిలిపించారు, ఇంటివాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చన్నారు. నేను వెళ్లాను. ఆయన సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడరు. మొదటిరోజే చొక్కా చేతులు పైకి మడిచి, ముంజేతుల మీద పాత పంటిగాట్లు అందరికీ చూపించారు.

"ఇవన్నీ నా తప్పులండి," అన్నారు. "కరిచినవాళ్లు ముందే చెప్పారు. నాకు వినడం రాలేదు."

ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

అక్కడ పనిచేసేవాళ్లలో ఇద్దరి గురించి నీకు చెప్పాలి. జీవమణి బోరబండ నుంచి వస్తుంది. నోరు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు. రాబిన్ కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురితో కలిసి ఉంటాడు. సినిమాల్లో చేరాలని వచ్చి, అవకాశాలు లేనప్పుడు కడుపు నిండాలని ఈ పనిలో చేరాడు. ఇప్పటిదాకా వాడికి దొరికిన పెద్ద వేషం శవమట.

"అది సుత సక్కగ చెయ్యలేదమ్మా," అంది జీవమణి నాతో. "ఈగ వాలిందని ముక్కు కదిలించిండు. తీసి అవతల పడేసిన్రు."

"ఈగ కాదక్కా, దోమ," అన్నాడు రాబిన్. "ఈగయితే ఓర్చుకునేటోన్ని."

క్లాసు ఇలా నడిచేది. "జుట్టు పట్టుకుంటే ఏం చేస్తారు?" అని సత్యరాజుగారు అడిగితే, "మొత్తుకుంటం సార్, గుంజుకుంటం," అంది జీవమణి. గుంజుకోకూడదట. పట్టుకున్న చేతి మీద మన చెయ్యి వేసి మన తలకేసి అదిమిపెట్టి, ఆ పట్టు సడలేదాకా ఆగాలట. ఎదురుగా నిలబడకూడదట, కాస్త పక్కకి తిరిగి, చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉండాలట. ఒకేసారి నలుగురూ మీద పడకూడదు. గొంతు పెంచకూడదు. ఇవన్నీ ఒకళ్లనొకళ్లు పట్టుకుని సాధన చేసేవాళ్లు. ఆ తర్వాత ఆయన బోర్డు మీద మూడు గళ్లు గీసేవారు. ఆ మనిషి ఏం చేశాడన్నది నడిమి గడి. అంతకుముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఏం జరిగింది అన్నవి అటూ ఇటూ గళ్లు. "మనందరం నడిమి గడే చూస్తాం. సంగతంతా మొదటి గడిలో ఉంటుంది," అనేవారు. నాకు ఆ లెక్క నచ్చింది.

ఒకరోజు రఘు వంతు వచ్చింది. వాడు తలుపులు కొడతాడు. మూసిన తలుపు ఏదైనా సరే, ఆఫీసు గదైనా, మందుల గదైనా, బాత్‌రూమైనా, దాని ముందు నిలబడి కొడుతూనే ఉంటాడు, ఎవరైనా పక్కకి జరపబోతే వాళ్లని కొడతాడు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. రఘు ఎలా చేస్తాడో చేసి చూపించమని సత్యరాజుగారు రాబిన్‌ని అడిగారు. రఘుని పక్కగదిలో వేరే ఆమె చూసుకుంటోంది.

రాబిన్ లేచి నిలబడ్డాడు. మొదట అందరూ నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఎడమభుజం కొద్దిగా వంచాడు, బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాడు, పెదాలు తడుపుకున్నాడు. అది మీ తమ్ముడే. వెళ్లి ఆఫీసు గది తలుపుకి చెంప ఆనించి, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎవరూ చెప్పమనకుండానే, చాలా మెల్లిగా, "అమ్మ" అన్నాడు.

రాబిన్ వెనక్కి వచ్చి కూర్చుని మొహం తుడుచుకున్నాడు. "సార్, తలుపంటే భయమనుకుంటున్నం గదా. భయం కాదు సార్. రఘు భాయ్ ఎవరికోసమో చూస్తుండు." నావైపు తిరిగాడు. "అమ్మమ్మా, గా తలుపు వెనక ఎవరున్నరనుకుంటడు?"

అందరూ నన్నే చూస్తున్నారు. సత్యరాజుగారి చేతిలో సుద్దముక్క ఉంది, మొదటి గడి ఖాళీగా ఉంది.

"నాకేం తెలుసు," అన్నాను. "చిన్నప్పటినుంచీ వాడంతే."

సంహితా, నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఆయన ఇంకొకటి అడిగారు. "ఇంట్లో ఇలా తలుపు కొడితే దేనికి సర్దుకుంటాడమ్మా?" దానికి మాత్రం నిజం చెప్పాను. సగం నిజం. "లోపల ఉన్నవాళ్లు 'వస్తున్నా నాన్నా, నువ్వు కూర్చో' అంటే చాలు," అన్నాను. ఆయన సంతోషించి ఆ మాటని బోర్డు మీద రాశారు. అందరిచేతా అనిపించారు. ఒక్కొక్కరూ వాళ్ల వాళ్ల యాసలో, కొందరు నవ్వుతూ, కొందరు సిగ్గుపడుతూ, "వస్తున్నా నాన్నా, నువ్వు కూర్చో" అన్నారు. ఆ మాట ఎవరిదో నీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. మీ అమ్మ మాటని ఒక గదినిండా మనుషులు పలుకుతుంటే నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను.

తర్వాతి వారం జీవమణి బాత్‌రూములో ఉండగా రఘు తలుపు కొట్టాడు. ఆమె నేర్పినట్టే లోపల్నుంచి ఆ మాట అంది. వాడు వెంటనే ఆపేసి, గోడ పక్కన కూర్చున్నాడట. చూసినవాళ్లు శిక్షణ పనిచేసిందనుకున్నారట. జీవమణి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వాడు ఆమెని దాటుకుని లోపలికి వెళ్లాడు. ఒక బల్బు, ఒక బకెట్టు. ఇంకెవరూ లేరు. మళ్లీ బయటికి వచ్చి జీవమణి మొహంలోకి చూశాడట. ఆమె రెండు చేతులూ పట్టుకుని మళ్లీ లోపలికి నెట్టాడు, ఆమె ఎక్కడో దాచినదాన్ని తీసి ఇమ్మన్నట్టు. "అమ్మ, అమ్మ" అంటూ నెట్టాడు. ఆమె జారి కొళాయి మీద పడింది. మణికట్టు విరిగింది.

ఆ సాయంత్రం రుద్రమ్మగారు నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. ఆవిడది కఠినమైన మనసు కాదు. "అమ్మా, నా స్టాఫ్‌కు నేనేం చెప్పాలె? రేపు ఇంకొకరికయితే? వచ్చే శుక్రవారం మీటింగ్‌ల తేలుద్దాం. అప్పటిదాక ఇంట్లనే ఉంచుకోండి," అన్నారు. మీటింగులో వద్దంటే ఏమిటని అడిగితే, ఊరి శివార్లలో రాత్రింబవళ్లు ఉంచుకునే చోటొకటి ఉంది, వాళ్లతో మాట్లాడతానన్నారు. ఆ చోటు నేనెరుగుదును. మీ అమ్మా నేనూ ఒకసారి వెళ్లి చూసి తిరిగి వచ్చేశాం. అక్కడ ప్రతి గదికీ బయటినుంచి గడియ. మూసిన తలుపుల వెనక అమ్మ ఉందనుకునేవాణ్ణి వరసగా మూసిన తలుపుల మధ్య పడేయడం. నాకు డెబ్బై ఆరేళ్లు. సెంటర్ లేకుండా వాణ్ణి పగలూ రాత్రీ నేనొక్కదాన్నీ చూసుకోలేను. ఆ మాట గట్టిగా అనడానికి సిగ్గుపడను.

ఇక నీ మూడో ప్రశ్న. "ఆ సాయంత్రం నేను ఫోన్ చేసినప్పుడు నువ్వు కట్ చెయ్యకుండా పక్కన పెట్టావు. వెనక ఎవరో మాట్లాడారు. అమ్మమ్మా, అది అమ్మ. ఎవరది?" అని రాశావు.

నేనే.

మా ఇద్దరి గొంతులూ ఒకటేనని నీకు గుర్తుండాలి. ఫోన్ తీస్తే మీ అమ్మ స్నేహితులు నన్ను అరుణా అనే పిలిచేవారు. అరుణ పోయినప్పుడు రఘుని మాసబ్ ట్యాంక్‌లో మా తమ్ముడు అచ్యుతరావు ఇంటికి పంపేశాం. వాడు గొడవ చేస్తే కార్యం ఆగిపోతుందని, వచ్చినవాళ్ల ముందు బాగుండదని అందరం అనుకున్నాం. నువ్వూ సరేనన్నావు. తప్పు నీ మీద పెట్టడానికి రాయడం లేదు, నిర్ణయం నాదే. వాడు శవాన్ని చూడలేదు. నిప్పు చూడలేదు. పదమూడో రోజు దాటాక తిరిగి వచ్చేసరికి ఇల్లు కడిగి ఉంది, అమ్మ గది మూసి ఉంది, అడిగితే అమ్మ ఊరెళ్లిందన్నాం. వాడికి ఊరెళ్లడమంటే తెలుసు. ఊరెళ్లినవాళ్లు వస్తారు.

ఆ తలుపు ముందే కూర్చునేవాడు. తిండి మానేశాడు. ఒక మధ్యాహ్నం కంచం వాడి ముందు పెట్టి, నేను ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను, నా ఏడుపు వాడికి కనిపించకూడదని. వాడు తలుపు కొట్టాడు. నాకు తెలియకుండానే, "వస్తున్నా నాన్నా, నువ్వు కూర్చో, తింటూ ఉండు" అన్నాను. ఆ మాట నా నోటినుంచి అరుణ గొంతుతో వచ్చింది. బయట చప్పుడు ఆగిపోయింది. నేను బయటికి వచ్చి చూస్తే కంచం ఖాళీ. వాడు నన్ను చూడలేదు, నా వెనక తలుపుని చూస్తున్నాడు. వాడి లెక్కలో నేను బయటికి వచ్చాను, మీ అమ్మ లోపల ఉండిపోయింది.

ఆ రోజునుంచీ ఆ గదికి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. వాడు తిననన్నప్పుడు, స్నానం వద్దన్నప్పుడు, నన్ను కొట్టబోయినప్పుడు తాళం తీసుకుని లోపలికి వెళ్లి, అరుణనై మాట్లాడి, బయటికి వచ్చి తాళం వేసేదాన్ని. ప్రతిసారీ పనిచేసింది. దానివల్లే ఇల్లు దాటాక కూడా వాడికి మూసిన ప్రతి తలుపూ మీ అమ్మే అయిందని నాకు మెల్లమెల్లగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా మానలేదు.

జీవమణి చెయ్యి విరిగిన తర్వాతి క్లాసుకి, రఘుని ఆ పూటకి అచ్యుతరావు దగ్గర వదిలి వెళ్లి, నేను లేచి ఇదంతా చెప్పాను. ఆమె కట్టుతో ముందు వరసలో కూర్చుని ఉంది. ముందు ఆమే మాట్లాడింది.

"ఆ మాట మాకు నేర్పింది మీరే గదమ్మా."

"అవును."

"నేర్పినప్పుడే జర ఇది సుత చెప్తే ఏం పోయేది?"

"చెబితే ఆ గొంతు మానాల్సి వచ్చేది," అన్నాను.

ఆమె నన్ను చూసి తల తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

సత్యరాజుగారు బోర్డు వైపు తిరిగి, మొదటి గడిలో ఏదో రాయబోయి, రాయకుండా సుద్దముక్క కింద పెట్టేశారు. "కొడితే ఎలా తప్పుకోవాలో ఇన్నేళ్లూ నేర్పుతూ వచ్చానండి," అన్నారు. "పోయిన మనిషి కోసం వెతికేవాడికి ఏం చెప్పాలో ఎవరికీ నేర్పలేదు. నాకే తెలియదు." ఆ మధ్యాహ్నమంతా దానిమీదే గడిచింది. చివరికి తేలిందేమంటే, వాడికి నిజం చెప్పాలి, చిన్న మాటల్లో చెప్పాలి, అందరూ ఒకే మాట చెప్పాలి. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చేదో కళ్లారా చూపించాలి. "అమ్మ చనిపోయింది. రాదు." అంతే. సాధన చేయమంటే ఎవరికీ రాలేదు. జీవమణి ప్రతిసారీ చివర "ప్రభువు దగ్గరికి పోయింది" అని కలిపేది. "అట్ల మొండిగ ఎట్లంటం సార్, పాపం తగుల్తది," అనేది. "ఎక్కడికో వెళ్లిందంటే రఘు అక్కడ వెతుకుతాడమ్మా," అన్నారు ఆయన. నా వంతు వచ్చినప్పుడు మంచినీళ్లు కావాలని లేచి బయటికి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున రాబిన్ మన ఇంటికి వచ్చాడు. ఎండ వంటింటి దాకా పడుతోంది. రఘు ఇడ్లీ తిన్నాడు. నేను వాడి ముందే గది తాళం తీశాను, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాను. లోపలికి వెళ్లి మీ అమ్మ మంచం మీద వాడికి ఎదురుగా కూర్చున్నాను. వాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"వస్తున్నా నాన్నా, నువ్వు కూర్చో," అన్నాను, అరుణ గొంతుతో.

వాడి మొహం వెలిగింది. నా వెనక చూశాడు. వచ్చి మంచం కింద చూశాడు. బీరువా తెరిచి చీరలు పక్కకి జరిపి చూశాడు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి వచ్చాడు. నేను మళ్లీ అన్నాను. ఈసారి నా నోటినే చూశాడు. మూడోసారి అంటుండగా దగ్గరికి వచ్చి పెదవులు కదలడం చూస్తూ చూస్తూ, నోటి మీద కొట్టాడు. రాబిన్ లేచాడు. "కూర్చో రాబిన్," అన్నాను, నా గొంతుతో. నోట్లో ఉప్పగా ఉంది. "నాన్నా, అమ్మ చనిపోయింది. రాదు," అన్నాను.

ఆ మాట అంతవరకు నేను ఎప్పుడూ పైకి అనలేదు. ఆ రోజుల్లో అందరూ నాతో అన్నవాళ్లే. నేను తలాడించాను, అంతే.

వాడు నా పెదవి మీద వేలు పెట్టి, అంటిన రక్తం చూసుకుని, చొక్కాకి తుడుచుకున్నాడు. గుమ్మంలో నేల మీద పడుకుని ఏడ్చాడు. మీ అమ్మ పోయిన తర్వాత వాడు అరిచాడు, కొట్టాడు, కరిచాడు. ఏడవడం అదే మొదలు. రాబిన్ పక్కకి తిరిగి, నేర్చుకున్నట్టే చెయ్యి అందనంత దూరంలో నేలమీద కూర్చున్నాడు. ఓదార్చలేదు, ముట్టుకోలేదు. రాబిన్ కూడా ఏడుస్తున్నాడని నేను తర్వాత చూశాను.

నిన్న శుక్రవారం మీటింగ్ జరిగింది. రుద్రమ్మగారు ముందు జీవమణినే అడిగారు. "ఆయన నన్ను కొట్టలేదు మేడం," అంది. "వాళ్లమ్మను అడిగిండు. నా దగ్గర లేదు. చెయ్యి మంచిగయినంక నేను చూసుకుంట." నావైపు చూడకుండానే అంది. నన్ను ఆమె క్షమించలేదు, క్షమించమని నేను అడగలేదు. మూడు నెలలు చూద్దామన్నారు. అప్పటిదాకా సగం పూటే, రాబిన్ పక్కన ఉంటాడు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. ఇప్పటికైతే వాడు శివార్లకి వెళ్లడం లేదు.

ఇంతవరకు రాసింది సత్యరాజుగారికీ తెలుసు. ఇకపై రాసేది ఎవరికీ చెప్పలేదు.

వాడు సెంటర్లో ఉన్నప్పుడు కూడా నేను ఆ గదిలోకి వెళ్లేదాన్ని. తలుపేసుకుని మంచం మీద కూర్చుని, "అమ్మా, మందేసుకున్నావా" అని అరుణ గొంతుతో అడిగేదాన్ని. వేసుకున్నాను అని నేనే జవాబు చెప్పేదాన్ని. "కూరలో ఉప్పు తగ్గింది", "ఆ చీర నీకు బాగోదు" అనేది. నేను వాదించేదాన్ని. వాడికి ఆకలి లేని రోజుల్లో కూడా నాకు ఆ గొంతు కోసం ఆకలిగా ఉండేది. ఒకరోజు వంటింట్లో కూర తరుగుతుంటే, "అమ్మా, కొద్దిగా కాఫీ పెట్టవూ" అని స్పష్టంగా వినిపించింది. కత్తిపీట వదిలేసి గది దాకా వెళ్లాను. తాళం వేసే ఉంది. నా పెదవులు ఇంకా కదులుతున్నాయని అప్పుడు తెలిసింది. అయినా కాఫీ పెట్టాను. రెండు గ్లాసులు.

వాడికోసమే చేశానని క్లాసులో అందరితో చెప్పాను. అదీ సగం నిజమే. నీతో సగం చెప్పి ఊరుకోలేను. నువ్వు విన్నది మీ అమ్మ గొంతు. ఆ ఒక్క గొంతుని నేను ఇంట్లో నీకు చెప్పకుండా దాచుకున్నాను.

తలుపు ఇప్పుడు తెరిచే ఉంటోంది. రఘు రోజూ ఆ గదిలోకి ఒకసారి వెళ్లి చూసి వస్తాడు. తర్వాత నా ముందుకు వచ్చి, "అమ్మ రాదు" అంటాడు. కొత్త మాట కదా, అందరికీ చెబుతున్నాడు. పాలు పోసే అబ్బాయికి చెప్పాడు, ఆటో అతనికి చెప్పాడు, లిఫ్టులో కలిసిన హాస్టలు పిల్లలకి చెప్పాడు. చెప్పి ఊరుకోడు. ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తూ ఆగుతాడు.

వచ్చే నెల వస్తానన్నావు. రా. తలుపు తీయగానే నీకూ చెబుతాడు. చెప్పి ఆగుతాడు. నువ్వు "రాదు" అనాలి. ఆ ఒక్క మాటే అనాలి, అక్కడెక్కడో ఉందని, మనల్ని చూస్తోందని, ఏదీ కలపకూడదు. వాణ్ణి కౌగిలించుకోవడం, ఏడవడం ఏదైనా ఆ తర్వాతే. సెంటర్లో అందరికీ నేర్పినట్టే నీకూ నేర్పుతున్నాను. రైలెక్కే ముందు అద్దం ముందు నిలబడి పైకి అని చూసుకో. మొదట గొంతు పెగలదు. నాకు పెగలడం లేదు. ఆలస్యం చేస్తే వాడు నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని మళ్లీ అంటాడు, నేను అనేదాకా వదలడు.

ఇంకొక్క మాట. వచ్చాక, ఆ గొంతు ఒక్కసారి వినిపించమని నన్ను అడగకు తల్లీ. నువ్వు అడిగితే నేను కాదనలేను.

ఇట్లు,
నీ అమ్మమ్మ,
ఛాయాదేవి